ఏడో ఎముక

గీత బ్యాగు సర్దుతుంటే బసమ్మ గడప మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ కళ్లతో లెక్కపెట్టింది. రెండు లుంగీలు, మూడు చొక్కాలు, ఒక తువ్వాల, ఒక దుప్పటి, స్టీలు గ్లాసు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి పక్క అరలో దూర్చింది. అన్నిటి మీద ఆరు జొన్నరొట్టెలు, పల్లికారం మూటగట్టి పెట్టింది. బనియన్లు ముట్టుకోలేదు. తలమీదుగా తొడిగే బట్ట ఏదీ వేయొద్దని, ముందర గుండీలున్నవే వేయాలని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది.

బసమ్మ చూపు మూడో చొక్కా దగ్గర నిలిచిపోయింది. పట్నంలో ఉత్త ఫొటో తీయించుకొని వచ్చేవాడికి మూడు చొక్కాలెందుకని అడిగింది. ఫొటోలో ఏం తేలుతుందో, ఆపరేషనంటారో, ఎన్నాళ్లు ఉంచుకుంటారో ఇప్పుడే ఎట్లా తెలుస్తుందని చెప్పి కోడలు జిప్పు లాగింది.

బసమ్మ మూసిన జిప్పునే చూస్తూ ఉండిపోయింది. పదమూడేళ్ల కింద ఆమె మొగుడు మాణిక్యప్ప కూడా ఇదే గదిలోంచి పట్నం పోయాడు. కడుపులో గడ్డ, చూపించుకొని వస్తానన్నాడు. నాలుగు చొక్కాలు తనే మడతపెట్టి ఇచ్చింది. తొమ్మిదో రోజున మనిషి తెల్లగుడ్డలో వచ్చాడు. చొక్కాల్లో మూడు మడత విప్పకుండానే తిరిగొచ్చాయి. అప్పటినుంచి ఇంట్లో ఎవరు బ్యాగు తీసినా ఆమెకు ముద్ద దిగదు. కొడుకు పనిమీద సంగారెడ్డి పోయినా సాయంత్రం బస్టాండు దాకా పోయి నిలబడేది. గల్లీ నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకునేది. ఉన్నది ఒక్కడు.

ఆ ఒక్కడు, సుధాకర్, ఇప్పుడు లోపలి గదిలో చాప మీద వెల్లకిలా పడుకొని పైకప్పు చూస్తున్నాడు. గడ్డం కిందినుంచి భుజాల దాకా గట్టి ప్లాస్టిక్ పట్టీ. ముప్పైనాలుగేళ్ల మనిషి, ఎద్దులాంటి భుజాలు, నాగల్‌గిద్ద తొవ్వలో నాలుగెకరాల కంది ఒంటిచేత్తో చేసేవాడు. శనివారం సాయంత్రం కందికట్టె ట్రాలీకెత్తి కల్లానికి తెస్తూ, తను మోపుల మీద కూర్చున్నాడు. చక్రం గుంతలో పడి ట్రాలీ ఒరిగింది. తల ముందు నేలకు తగిలింది, ఒళ్లంతా దానిమీద కూలింది. లేచి కూర్చుని మట్టి దులుపుకొని నవ్వాడు కూడా. ఆదివారం మెడ కట్టెలా బిగుసుకుంటే బసమ్మ ఉప్పుమూట కాచి కాపడం పెట్టింది. సోమవారం పొద్దున తింటుంటే ఎడమచేతి వేళ్లలోంచి రొట్టెముక్క రెండుసార్లు జారింది. చిటికెనవేలు దగ్గర చీమలు పారుతున్నట్టుందన్నాడు. అప్పుడు గీత ఊరుకోలేదు. నారాయణఖేడ్ సర్కారు దవాఖానకు తోలుకపోయింది. బసమ్మా వెంట పోయింది.

అక్కడి డాక్టరమ్మ పేరు సుహాసిని. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉంది. మెడ నొప్పని వచ్చినవాడి మెడను ఇటూ అటూ తిప్పి చూడకుండా, ముందు పట్టీ తెప్పించి బిగించింది. మెడ తిప్పి చూడని డాక్టరేందని బసమ్మకు అప్పుడే అనుమానం వచ్చింది. డాక్టరమ్మ పట్టీ వెనక సందులోంచి వేలు పెట్టి ఒక్కొక్క ఎముకనే తడుముతూ దిగింది. మెడ మొదట్లో వేలు పడగానే సుధాకర్ పళ్లు కొరికాడు. గుండుసూదితో వేళ్లు గుచ్చింది. తన రెండు వేళ్లు గట్టిగా పట్టుకొమ్మంది. కుడిచెయ్యి పట్టుకుంది, ఎడమచెయ్యి పట్టుకున్నట్టు చేసింది. తర్వాత ఎక్స్‌రే తీయించి, ఫిల్ము కిటికీకి పెట్టి పైనుంచి లెక్కపెట్టింది.

మెడలో ఏడు ఎముకలుంటాయని, ఫిల్ములో ఆరే పడ్డాయని చెప్పింది. మనిషి భుజాలు పెద్దవి, కిందికి గుంజి తీసినా ఏడోది వాటి నీడలో దాక్కుందట. నొప్పి ఉన్నది సరిగ్గా అక్కడేనట.

"కనబడ్డ ఆరు మంచిగనే ఉన్నయ్," అంది. "కనబడనిదాన్ని మాత్రం విరిగిందనే అనుకోవాలె. పట్నంలో స్కానింగ్ చేసి, కాదని వాళ్లు చెప్పేదాకా విరిగిందనే లెక్క."

విరిగినవాడు నడిచి ఎట్లా వస్తాడని బసమ్మ అడిగింది. డాక్టరమ్మ గోడమీది కరెంటు పైపు చూపింది. పైపు పగిలినా లోపలి వైరు తెగనంత సేపు బల్బు వెలుగుతూనే ఉంటుంది. మెడ ఎముకల్లోంచి అట్లాంటి వైరే కాళ్లకూ చేతులకూ పోతుంది. పగిలిన ముక్క ఇంకా జరగలేదు, జరిగే రోజున వైరు నలుగుతుంది. అందుకే ఈ పట్టీ. ఎవరూ విప్పొద్దు, తుమ్మొచ్చినా తల పట్టుకోవాలి. ముక్క జరగకముందే పోతే రెండు స్క్రూలు, ఒక ప్లేటు, మూడు నెలల్లో మళ్లీ ట్రాక్టరు నడుపుకోవచ్చు.

అంబులెన్స్ కంగ్టికి కాన్పు కేసు మీద పోయింది. ఒంటిగంటన్నరకు వస్తుంది, అప్పటిదాకా ఇక్కడే కదలకుండా పడుకోవాలని చెప్పి ఆమె ఓపీలోకి పోయింది. సుధాకర్ గంటసేపు పడుకున్నాడు. వచ్చేవాడూ పోయేవాడూ ఏమైందని అడుగుతుంటే సిగ్గేసింది. ఇల్లు రెండు గల్లీల అవతలే, కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని లేచాడు. గీత వద్దంటూనే, అంబులెన్స్ వస్తే ఇంటికి పంపమని గేటు దగ్గర చెప్పి, దారిపొడుగునా అతని తల వెనక చెయ్యి అడ్డం పెట్టి నడిచింది.

వాళ్లు వచ్చేసరికి ఇంటి అరుగుమీద చంద్రప్ప కూర్చొని ఉన్నాడు. వరసకు బసమ్మకు మరిది. ఆ వరస పేరు చెప్పి ఎంత మాటైనా అనే హక్కు తనకుందని ఆయన నమ్మకం. పట్టీ చూసి, ఎద్దుకు పట్టెడ బాగనే కుదిరింది, గంట కట్టుడు మరిచిపోయినట్టున్నరు అన్నాడు. సుధాకర్ నవ్వబోయి, మెడ లాగి, ఆగిపోయాడు.

బ్యాగు సర్దడం అయ్యాక బసమ్మ అరుగుమీదికి వచ్చి కూర్చుంటే చంద్రప్ప దగ్గరికి జరిగాడు. సంగతంతా విన్నాడు. విని, ఆమె పాదాల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఊరందరి మెడల మీద కాలు పెడ్తివి వదినె. నీ ఇంటోనికొస్తే పట్నం తోల్తున్నవు. ఇన్నేండ్లు మమ్ముల ఉత్తగనే తన్నినవా ఏంది?"

ఆ మాట ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే బసమ్మ పుట్టుక చెప్పాలి. ఆమె నాగల్‌గిద్దలో ఎదురుకాళ్లతో పుట్టింది. తలకు బదులు కాళ్లు ముందు వచ్చాయి. తల్లి ఆ కాన్పులోనే పోయింది. తల్లిని తన్ని బయటికొచ్చిన పీనుగని నాయనమ్మ ఆమెకు పదేళ్లు వచ్చేదాకా పేరు పెట్టి పిలవలేదు. కానీ ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల మడమకు నడుం పట్టు, మెడ పట్టు వదిలించే గుణం ఉంటుందని అక్కడందరూ నమ్ముతారు. చిన్నప్పటినుంచే పెద్దపెద్దవాళ్లు వచ్చి ఆమె ముందు బోర్లా పడుకునేవాళ్లు. గురువారం, ఆదివారం. ఎడమ మడమ మూడుసార్లు. రెండుసార్లు ఆనించడం, మూడోసారి తన్నడం. బరువెత్తి, నిద్రలో తల ఒరిగి మెడ పట్టుకున్నవాళ్లు సగంమంది లేచి మెడ తిప్పుకుంటూ పోయేవాళ్లు. మిగతా సగం నాలుగు రోజులకు వాళ్లంతట వాళ్లే బాగయ్యేవాళ్లు. ఆ పేరు కూడా ఆమె కాలికే వచ్చేది. ఆమెకు చదువు లేదు, అందం లేదు, మొగుడు లేడు. ఊళ్లో ఎవరైనా ఆమెను పేరు పెట్టి, మెత్తగా పిలిచారంటే ఆ మడమ వల్లనే.

ఆమె లోపలికొచ్చి గడియారం చూసింది. పన్నెండు దాటింది. ఫిల్ములో ఏమీ లేదని డాక్టరమ్మే ఒప్పుకుంది. ఉన్న ఆరూ బాగున్నాయి. లేనిదాన్ని పట్టుకొని విరిగిందనుకొమ్మంటుంది. దానికోసం కొడుకును, మొగుడు పోయిన తొవ్వనే పంపాలి. మూడు చొక్కాలు. పట్టు వదిలిపోతే, అంబులెన్స్ వచ్చేసరికి వాడు మెడ తిప్పి ఇది ఎవరికోసమొచ్చిందని అడిగితే, పోవాల్సిన పనే ఉండదు.

ఆధార్ కార్డుకు రెండు జిరాక్సులు కావాలని దవాఖానలో అడిగారు కదా, తీసుకొని రాపొమ్మని కోడలిని తొందరపెట్టింది. గీత అనుమానంగా చూసింది. తను వచ్చేదాకా ఆయనను లేపొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నా కొడుకును చూసుకునుడు నువ్వు నేర్పుతావా, ఆరేండ్లాయె కాపురానికొచ్చి, ఒక పిల్లనన్నా ఎత్తుకోలేదు, దాది పని చెప్పవడితివి అని బసమ్మ అంది. ఆ దెబ్బ ఎప్పుడు వేసినా గీత నోరు మూతపడుతుంది. చెప్పులేసుకొని బజారుకు పోయింది.

బసమ్మ కొడుకు పక్కన కూర్చుంది. లేచి కూర్చొమ్మంది, కాలు పెడతానంది. అతను కళ్లు మాత్రం ఆమెవైపు తిప్పాడు.

"వద్దవ్వా. డాక్టరమ్మ తిడ్తది."

"ఆమెకు నా కాలు గురించి ఏం ఎరుక?"

"స్కానింగ్ చేయించుకొని సాయంత్రం కల్ల వస్త. ఏంది నీ పరేషాన్?"

"మీ నాయన గూడ గట్లనే అన్నడు."

ఆమె ఏడవలేదు. అట్లా ఏడవకుండా కూర్చుంటేనే అతను తట్టుకోలేడని ఆమెకు తెలుసు. చివరికి ఒక్కటే అడిగింది, మందికున్న నమ్మకం నీకు లేదారా అని. సుధాకర్ మెల్లగా ఒక పక్కకు ఒరిగి, చేతులు ఆనించి లేచి, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పట్టీ అంటింపులు విప్పుతుంటే చర్రున చప్పుడైంది. చర్మం మీద ఎర్రటి గీతలు పడి ఉన్నాయి. దురద పోయింది, హాయిగుందన్నాడు. మెత్తగా పెట్టవ్వా అన్నాడు. బసమ్మ కుడిచేత్తో తలుపుచెక్క పట్టుకుంది, ఎడమకాలు ఎత్తింది. అరవైయేడేళ్ల కాలు. మెడ మొదట్లో, డాక్టరమ్మ వేలు ఆగినచోటనే, మడమ ఆనించింది. ఒకటి. అతను పళ్లు బిగించాడు. రెండు. మూడోదానికి ఆమె ఎప్పుడూ వేసినంతే వేసింది. ఎక్కువా వేయలేదు, తక్కువా వేయలేదు.

చప్పుడేమీ కాలేదు. సుధాకర్ తల ముందుకు వంగింది, మనిషి మెల్లగా పక్కకు ఒరిగి చాపమీద పడ్డాడు. వేళ్లు పిడికిళ్లయి ఆగిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. నొప్పి కూడా లేనట్టుంది. ఎక్కడో పెట్టిన వస్తువు గురించి అడుగుతున్నట్టు అడిగాడు.

"అవ్వా, నా కాళ్లు యాడున్నయ్?"

ఉన్నాయని ఆమె చెప్పింది. పట్టుకొని చూపించింది. గిల్లింది, చరిచింది, నూనె రాసింది. ఎవరినీ పిలవలేదు. అరగంట గడిచింది. అంతకుముందు డాక్టరమ్మ ఏ వైపునుంచి బిగించిందో చూసుకోలేదు, పట్టీ మళ్లీ తొడిగి అంటించింది. గీత జిరాక్సులు చేతిలో పట్టుకొని వచ్చేసరికి గడ్డం పెట్టే గుంట మెడ వెనక్కి ఉంది. గీత దాన్ని చూసింది, అత్త మొహం చూసింది. అరవలేదు. బయటికి పరుగెత్తింది.

అప్పుడే అంబులెన్స్ గల్లీలోకి మళ్లింది. అందులో పనిచేసే యేసయ్య లోపలికొచ్చి, ఒక్క చూపు చూసి, మనిషిని ఎత్తే చెక్కపలక తెచ్చి, తల రెండువైపులా తువ్వాల చుట్టలు పెట్టి, నలుగురితో ఒక్కసారే ఎత్తించాడు. ముందు దవాఖాన వాకిట్లోకి తెచ్చాడు. బసమ్మ పక్కనే ఎక్కి కూర్చుంది. చంద్రప్పా, గల్లీలో సగంమందీ వెనకే వచ్చారు. సుహాసిని బండిలోకే ఎక్కి, అరికాళ్లు గీసి చూసింది, గుండుసూదితో కాళ్లనుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చింది. రొమ్ముల దాకా వచ్చేవరకు సుధాకర్ తెలుస్తుందనలేదు. ఆమె సూది కింద పెట్టింది.

"పట్టీ ఎవరు తీసిండ్రు?"

బసమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కోడలు. తానం చేయిస్తనని తీసింది. నేను వద్దన్న."

గీత బండి బయట నిలబడి ఉంది. జిరాక్సు కాగితాలు ముందుకు చాపింది. తను బజారుకు పోయానని, ఇంట్లోనే లేనని చెప్పింది. డాక్టరమ్మ ఎవరివంకా చూడకుండా, తీసినవాళ్లు ఎవరైతే వాళ్లు ఈ మనిషిని మంచానికి కట్టేసినట్టే అంది. చంద్రప్ప గొంతు సవరించుకొని, ముసలిది కన్నకొడుకు సంగతిల అబద్ధమెందుకు చెప్తదమ్మా అన్నాడు. కాలు సంగతి ఎత్తింది తనేనని ఆయనకు గుర్తుంది. అందుకే అన్నాడు. ఆ మాటతో గల్లీ మొత్తం గీతవైపు తిరిగింది. ఎవరో ఆడమనిషి థూ అంది.

సుధాకర్‌కు ఇవన్నీ వినపడుతున్నాయి. తల తిప్పలేడు కనుక బండి కప్పునే చూస్తున్నాడు. ఒక్కరే వెంట రావాలని యేసయ్య చెబితే బసమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని గట్టిగా కూర్చుంది. ఆమె ఆ చెయ్యి పట్టుకున్నట్టు అతనికి తెలియలేదు.

"గీత ఎక్కుతది," అన్నాడు. గొంతు సన్నబడింది. "అవ్వా, నువ్వు దిగు."

ఆమె దిగింది.

పట్నంలో ఆ సాయంత్రమే ఏడో ఎముక ఫొటోలో కనబడింది. శనివారం పగిలిన ముక్క సోమవారం మధ్యాహ్నం ముందుకు జారి, లోపలి వైరును నలిపేసిందని అక్కడి డాక్టర్లు గీతకు చెప్పారు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, స్క్రూలు బిగించారు. ఎముక సరిగ్గా కుదిరింది. కాళ్లు రాలేదు. మోచేతులు వంచగలడు, వేళ్లు ముడవలేడు. రెండు నెలల తర్వాత పంపించేస్తుంటే గీత తండ్రి బాలప్ప వచ్చి, కూతురినీ అల్లుడినీ సిర్గాపూర్‌లో తన ఇంటికి తీసుకుపోయాడు.

నారాయణఖేడ్‌లో అప్పటికి కథ స్థిరపడింది. తానం పేరుతో మొగుడి మెడ విరిచిన కోడలు. బసమ్మ దాన్ని అడిగినవాళ్లకూ చెప్పింది, అడగనివాళ్లకూ చెప్పింది. చెప్పగాచెప్పగా అందులో బకెట్టు వచ్చింది, వేడినీళ్లు వచ్చాయి, కోడలు అన్న మాటలూ వచ్చాయి. గురువారాలు, ఆదివారాలు జనం ఆమె దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఆమె కాలు పెడుతూనే ఉంది. పెట్టకపోతే ఎందుకు పెట్టడం లేదని అడుగుతారు.

మే నెలలో ఆమె సిర్గాపూర్ పోయింది. బాలప్ప మంచినీళ్లిచ్చి బయటికి పోయాడు. సుధాకర్ మంచంమీద పక్కకు తిరిగి ఉన్నాడు. తిరిగి ఉన్నాడంటే, గీత తిప్పి పడుకోబెట్టింది. రెండు గంటలకోసారి అట్లా తిప్పకపోతే పుండ్లు పడతాయని పట్నంలో నేర్పారట. ఎద్దు భుజాలు కరిగిపోయి ఎముకలు తేలాయి. బసమ్మ, ఇల్లు బావురుమంటుందని, ఇంటికి రమ్మని, తనే చేస్తానని చెప్పింది. అన్నీ విన్నాక అతను నోరు తెరిచాడు.

"గీత తీయలేదని ఊళ్లె చెప్పు. నడి బజార్ల చెప్పు. ఆ తెల్లారే వస్త."

"చెప్తె నా మొహం మీద థూ అని ఉంచుతరు బిడ్డా."

"దాని మొహం మీద ఉంచుతుండ్రు గద."

గీత అప్పుడే లోపలికొచ్చి, అత్తను దాటుకొని పోయి, అతన్ని రెండోవైపుకు తిప్పింది. అతని మొహం గోడకు పడింది.

తిరుగు బస్సులో బసమ్మ ఆ మాటలు కూర్చుకుంటూ వచ్చింది. నేనే తీసిన. నేనే కాలు పెట్టిన. చిన్నమాటలే. పెదవులతో పదిసార్లు అనుకుంది. బస్టాండులో దిగి గల్లీలోకి మళ్లగానే చంద్రప్ప ఎదురొచ్చి కొడుకెట్లున్నాడని అడిగాడు. పక్కన నలుగురున్నారు. కోడలు గడప తొక్కనీయలేదని బసమ్మ చెప్పింది.

ఆగస్టు వానల్లో చంద్రప్ప కోడలు భాగ్య స్కూటీ జారి పడి మెడ పట్టుకొని ఏడ్చింది. బసమ్మను పిలుద్దామని ఎవరో అన్నారు. చంద్రప్ప వాళ్లను తోసేసి, ఎవరూ ముట్టొద్దని, తనే రోడ్డుమీద మోకాళ్ల మీద కూర్చొని ఆ పిల్ల తల రెండుచేతులతో పట్టుకున్నాడు. పట్టీ వేసేదాకా వదల్లేదు. ఎనిమిదో రోజున భాగ్య నడుచుకుంటూ గల్లీలోకి వచ్చింది. అదృష్టవంతురాలు, మీ కోడలి అసుంటి దాని చేతుల పడలేదు అని ఆడవాళ్లు బసమ్మ ముందర అన్నారు. చంద్రప్ప చెప్పులు చూసుకున్నాడు. ఆ రోజైనా బసమ్మ నిజం చెప్పగలిగేది. ఆమె మాత్రం, గా ఆడిదాని చేతుల్లనే విషముంది అంది.

నారాయణఖేడ్ నుంచి ఎవరు సిర్గాపూర్ పోయినా సుధాకర్ ఒక్కటే అడిగేవాడట, మా అవ్వ చెప్పిందా అని. మొదట్లో వచ్చిన ప్రతివాడినీ, తర్వాత అప్పుడప్పుడు. రెండో ఎండాకాలం నడుం కింద పుండు పడింది. గీత ఎన్నిసార్లు తిప్పినా మానలేదు, ఎముక దాకా పోయింది, జ్వరం పట్టింది. కబురు వచ్చినప్పుడు బసమ్మ బస్టాండు దాకా పోయి, సిర్గాపూర్ బస్సు ఎక్కకుండా, దిగేవాళ్లను చూస్తూ నిలబడి, చీకటిపడకముందే ఇంటికొచ్చింది.

సుధాకర్ నారాయణఖేడ్‌కు తిరిగి రాలేదు. రెండువేల ఇరవై అయిదు జూన్ పదకొండు, బుధవారం పొద్దున సిర్గాపూర్‌లో చనిపోయాడు.